చైనా విజ్ఞానయాత్రకు బయలుదేరుతున్న చిరంజీవికి

చి. శ్రావణికి బెజవాడ నుంచి పెదనాన్న ఆశీస్సులు.

కృష్ణా డెల్టాకూ చైనాకూ మధ్య సాగిన విజ్ఞానయాత్రల్లో చరిత్రకు బాగా తెలిసినది ఇక్కడి నుంచి అక్కడికి వెళ్ళినది కాదు, అక్కడి నుంచి ఇక్కడికి వచ్చినది. హుయాన్‌త్సాంగ్ అనే చైనా బౌద్ధ భిక్షువు క్రీ.శ. 640 ప్రాంతంలో కళింగ, కోసల దేశాలు చూసుకుని, ఆంధ్రదేశంలో వేంగి మీదుగా ధాన్యకటకానికి చేరి, అక్కడ కొన్ని నెలలపాటు నిలిచిపోయాడు. ఈ ధాన్యకటకం నేటి అమరావతి, ధరణికోట ప్రాంతమేనని ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకుంటున్నా, అది బెజవాడే అయి ఉంటుందని 19వ శతాబ్దంలో ఫెర్గూసన్ వంటి పండితులు వాదించారు. ఊరికి తూర్పునా పడమరా కొండల మీద రెండు విహారాలున్నాయని ఆ యాత్రికుడు రాసిన మాట బెజవాడ కొండలకు కూడా సరిపోవడమే వారి వాదానికి బలమైంది. కళాశాల బృందంతో షీఆన్, చెంగ్డూ నగరాలకు వెళ్ళబోతున్న విద్యార్థికి ఈ వాదంలో తీర్పు అవసరం లేదు గానీ, ఆ భిక్షువు ఇక్కడ ఉన్నన్నాళ్ళూ ఏం చేశాడన్నది మాత్రం తప్పకుండా అవసరం.

ఆయన చేసిన పని చాలా సాదాగా ఉంటుంది. సుభూతి, సూర్యుడు అనే ఇద్దరు స్థానిక భిక్షువుల దగ్గర కూర్చుని, బౌద్ధంలోని పాత శాఖల్లో ఒకటైన మహాసాంఘికుల అభిధర్మాన్ని, అంటే మనసు, వస్తువు, అనుభవం వంటి విషయాలను విడదీసి చర్చించే శాస్త్రాన్ని, ఆయన నేర్చుకున్నాడు. బదులుగా వారికి తనకు వచ్చిన మహాయాన శాస్త్రాలను బోధించాడు. నేర్చుకోవడానికి వచ్చినవాడు నేర్పగలిగినవాడు కూడా కావడం వల్లనే ఆ కొన్ని నెలలు రెండు పక్షాలకూ పనికివచ్చాయి. ఆయన రాతలో మరొక సుగుణం కూడా ఉంది. ధాన్యకటకంలో విహారాలు ఎన్నో ఉన్నా చాలావరకు పాడుబడ్డాయనీ, ఇరవై దాకా మాత్రమే నిలిచి ఉన్నాయనీ, వాటిలో వెయ్యిమంది దాకా భిక్షువులున్నారనీ, నేల సారవంతమైనదనీ, ఆంధ్రదేశపు భాష మధ్యదేశపు భాషలా లేకపోయినా లిపి మాత్రం దాదాపు అక్కడిదేననీ ఆయన రాశాడు. తన మతానికి పుణ్యభూమి అయినంత మాత్రాన శిథిలాన్ని వైభవంగా వర్ణించకపోవడం, కొత్త దేశం కదా అని లేనిపోని వింతలతో సరిపెట్టకుండా భాషనూ లిపినీ విడివిడిగా గమనించడం యాత్రికుడికి ఉండవలసిన లక్షణాలని పెదనాన్న అభిప్రాయం. ఆయన వింతలు రాయలేదని కాదు. భావవివేకుడనే ఆచార్యుడు మైత్రేయుడి రాక కోసం ఇక్కడి కొండగుహలో ప్రవేశించి కూర్చున్నాడన్న కథ కూడా ఆ రాతల్లోనే ఉంది. అయితే విన్న కథను కథగానే, చూసిన దాన్ని చూసినట్టుగానే రాశాడు.

అంతకు దాదాపు నాలుగు శతాబ్దాల ముందే కృష్ణ ఒడ్డున చైనా పేరు రాతికెక్కింది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలంలో బోధిసిరి అనే ఉపాసిక నాగార్జునకొండలో వేయించిన శాసనం, సింహళ దేశపు భిక్షువులు ధర్మబోధ చేసిన దేశాలను చెబుతూ కాశ్మీరం, గాంధారం, వంగం వంటి వాటితో పాటు చీనాన్ని కూడా పేర్కొంటుంది. ఆ పేరు నేటి చైనాకే వర్తిస్తుందా, హిమాలయాల అవతలి సరిహద్దు జాతులకా అన్నది వేరే చర్చ. షీఆన్‌లో పెద్ద అడవి బాతు గోపురం అనే ఇటుక కట్టడం ముందు బృందమంతా ఫోటోలకు నిలబడినప్పుడు, క్రీ.శ. 652లో అది లేచింది 645లో హుయాన్‌త్సాంగ్ భారతదేశం నుంచి మోసుకెళ్ళిన 657 గ్రంథాలనూ విగ్రహాలనూ భద్రపరచడానికేననీ, ఆ గ్రంథాల్లో మహాసాంఘికులవి కూడా ఉన్నాయనీ తెలిసి నిలబడటం వేరు, తెలియక నిలబడటం వేరు. కాబట్టి ప్రయాణానికి ముందు ఒక ఆదివారం ఉండవల్లి గుహలకూ, మరొక ఆదివారం అమరావతి మ్యూజియానికీ వెళ్ళి రావడం వీసా పనులంత ముఖ్యమని గుర్తించాలి. షీఆన్‌లో ఆతిథ్యమిచ్చే విద్యార్థులు మీ ఊరి సంగతి చెప్పమని అడుగుతారు. అప్పుడు సినిమాల పేర్లు తప్ప మరేమీ తోచకపోతే సుభూతి, సూర్యుల ప్రాంతం నుంచి వెళ్ళిన మనిషికి అది చిన్నతనమే.

ఇక భోజనం సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే విజ్ఞానయాత్రల్లో పాఠం ఎక్కువగా జరిగేదీ, అలకలు ఎక్కువగా వచ్చేదీ అక్కడే. బెజవాడలో చైనా తిండి అంటే సాయంత్రం పూట రోడ్డు పక్కన ఫాస్ట్‌ఫుడ్ బండి మీద పెద్ద మంటపై ఎగిరే ఫ్రైడ్ రైస్, నూడుల్స్, కార్న్‌ఫ్లోర్ పిండిలో ముంచి వేయించి సాసుల్లో దొర్లించిన గోబీ మంచూరియా. ఇది కలకత్తాలో స్థిరపడిన చైనా కుటుంబాల చేతుల్లో పుట్టి, భారతీయ నాలుకకు తగినట్టు మారిన వంట. మంచూరియాను 1975లో బొంబాయిలో నెల్సన్ వాంగ్ అనే వంటవాడు తయారుచేశాడని ప్రసిద్ధి. చెంగ్డూలో ఆ పేరు చెప్తే ఎవరికీ అర్థం కాదు. అంతమాత్రాన మన బండి మీది వంటకాన్ని నకిలీ అని తీసిపారేయడమూ సరి కాదు, చైనాలో దొరికేదాన్ని మన బండి రుచితో కొలవడమూ సరి కాదు; రెండూ వేరు వేరు వంటలని ఒప్పుకుంటే తగువే లేదు.

డెల్టాలో పుట్టిన విద్యార్థికి ముందుగా కలిగే భ్రమ చైనా మొత్తం అన్నం తినే దేశమన్నది. ఛిన్‌లింగ్ పర్వతాలనూ హ్వాయ్ నదినీ కలిపి గీసిన ఊహారేఖకు ఉత్తరాన గోధుమ, దక్షిణాన వరి ప్రధానమని అక్కడి భూగోళ శాస్త్రవేత్తలు చెబుతారు. షీఆన్ ఈ రేఖకు ఉత్తరాన ఉంది కనుక అక్కడ వెడల్పాటి గోధుమ నూడుల్స్, మాంసం కూరిన రొట్టెలు, రొట్టెను చేత్తో చిన్న చిన్న ముక్కలుగా తుంచి వేటమాంసపు పులుసులో వేసి తినే వంటకం కనిపిస్తాయి. షీఆన్ నుంచి చెంగ్డూకు 2017 చివరలో మొదలైన వేగ రైలు ఆ పర్వతాల కిందుగా సొరంగాల వెంట సాగి, నాలుగు గంటల లోపే గోధుమ నేల నుంచి వరి నేలకు చేరుస్తుంది. ఆ నాలుగు గంటలూ నిద్రపోకుండా కిటికీలోంచి పొలాలు చూసిన విద్యార్థికి ఏ పుస్తకమూ చెప్పలేనంత స్పష్టంగా ఈ తేడా తెలిసిపోతుంది.

చెంగ్డూ సిచువాన్ రాష్ట్రానికి ముఖ్యపట్టణం, సిచువాన్ వంట కారానికి పేరుపడ్డది. గుంటూరు పక్కన పెరిగినవాళ్ళకు అక్కడి కారం ఒక లెక్కా అని గొప్పలు పోవడం సహజమే గానీ, ఆ గొప్పకు ముందు రెండు సంగతులు తెలుసుకోవాలి. మొదటిది, మిరప గుంటూరుదీ కాదు, సిచువాన్‌దీ కాదు. అమెరికా ఖండాల నుంచి 16వ శతాబ్దంలో సముద్రం మీద వచ్చి, భారతదేశంలో పోర్చుగీసుల ద్వారానూ, చైనాలో తీరపు రేవుల ద్వారానూ అడుగుపెట్టిన మొక్క అది. 1591 నాటి ఒక చైనా గ్రంథంలో మిరప కనిపించేది కూరలో కాదు, అందమైన పూలమొక్కల మధ్య. సిచువాన్ వాళ్ళు దాన్ని రోజువారీ వంటలోకి తెచ్చుకోవడానికి ఆ తర్వాత చాలా కాలమే పట్టింది. రెండవది, వాళ్ళ కారంలో సగం మిరపది కాదు, హ్వాజ్యావ్ అనే చిన్న ఎండుకాయ పెంకుది. చూడటానికి విచ్చుకున్న మిరియంలా ఉండే ఈ దినుసు మంట పుట్టించదు, పెదవినీ నాలుకనూ జలజలమనిపించి తిమ్మిరెక్కిస్తుంది. కొత్తవాళ్ళు మొదటిసారి దాన్ని కొరికి భయపడతారు; అది విషమూ కాదు, అలర్జీ కూడా కాదు, కాసేపటికి తగ్గిపోతుంది. గుంటూరు యార్డు నుంచి బయలుదేరే తేజ రకం ఎండుమిర్చికి చైనా పెద్ద కొనుగోలుదారు కనుక, చెంగ్డూ హాట్‌పాట్‌లో, అంటే బల్ల మధ్య మరిగే పులుసులో ఎవరి ముక్కలు వాళ్ళు ఉడికించుకుని తినే భోజనంలో, మునిగేది మన పల్నాడు కాయే అయినా ఆశ్చర్యపడనవసరం లేదు.

చెంగ్డూ దగ్గర పీషియెన్ అనే చోట తయారయ్యే దోబన్‌జ్యాంగ్‌ను బృందం చూసి తీరాలి. పులియబెట్టిన చిక్కుడు జాతి గింజలు, ఎర్ర మిరపకాయలు, ఉప్పు కలిపిన ముద్ద ఇది. సిచువాన్ కూరల్లో చాలావాటికి ఇదే ప్రాణం. పెద్ద పెద్ద మట్టి కుండల్ని ఆరుబయట వరుసగా నిలిపి, ఎండలో మూతలు తీసి, వాన వస్తే మూసి, రోజూ అడుగుదాకా కలియబెడుతూ ఏడాది మొదలుకొని కొన్నేళ్ళ దాకా ఊరనిస్తారు. కలిపేకొద్దీ ఎరుపు ముదిరి గోధుమ వన్నెకు, ఆపై దాదాపు నలుపుకు తిరుగుతుంది. ఆవకాయ జాడీలో మూడోనాడు తిరగగలిపే చెయ్యిని ఎరిగిన పిల్లకు ఈ పని కొత్తగా తోచదు గానీ, మన ఊరగాయలో నూనే ఉప్పూ కాయను కాపాడితే, అక్కడ బూజునూ సూక్ష్మజీవులనూ కావాలనే పిలిచి పని చేయించుకుంటారన్న తేడాను గమనించాలి. మాపో తోఫూ అనే ప్రసిద్ధ వంటకం, అంటే సోయా పాలను విరగ్గొట్టి చేసిన మెత్తటి గడ్డను కారపు పులుసులో ఉడికించే కూర, 19వ శతాబ్దంలో ఈ చెంగ్డూలోనే పుట్టింది. దాని రుచి వెనక ఉన్నదీ ఈ కుండల్లోని ముద్దే.

బృందంలోని శాకాహారులకు ఒక హెచ్చరిక అవసరం. చైనా వంటలో కూరగాయలకు కొదవలేదు, కానీ కూరగాయల వంటకమన్న మాటకు మాంసం అసలు లేనిదని అర్థం కాదు. బీన్స్ వేపుడులో పంది కీమా, ఆకుకూరలో పంది కొవ్వు, మాపో తోఫూలో మాంసపు పొడి ఉండటం మామూలే, వండినవాళ్ళు దాన్ని మోసమని అనుకోరు. అందుచేత మాంసం, చేప, గుడ్డు, జంతువుల కొవ్వు ఏవీ తినమని చైనా లిపిలో స్పష్టంగా రాయించుకున్న చీటీని దగ్గర ఉంచుకోవాలి. బౌద్ధ ఆలయాల పక్కన ఉండే శాకాహార భోజనశాలల్లో మాత్రం నిశ్చింతగా తినవచ్చు. సోయాతోనూ పుట్టగొడుగులతోనూ చేపలాగా, బాతులాగా కనిపించేటట్టు వండే నేర్పు వాళ్ళది, దాన్ని చూసి బెదిరిపోనవసరం లేదు. వంటకాలన్నీ బల్ల మధ్యన పెట్టి అందరూ పంచుకుంటారు, అన్నం తరచు చివరన వస్తుంది, తాగడానికి చన్నీళ్ళకు బదులు వేడినీళ్ళో పాలూ పంచదారా లేని టీయో ఇస్తారు. చాప్‌స్టిక్స్‌ను అన్నంలో నిలువుగా గుచ్చకూడదు, చనిపోయినవారికి అగరువత్తులు గుచ్చే తీరు అది. పచ్చడి పొట్లాలు పట్టుకెళ్ళడం తప్పేమీ కాదు, అయితే ఆతిథేయుల బల్ల మీద ఒక్క ముద్దైనా రుచి చూడకుండా పొట్లం విప్పడం మర్యాద కాదు. ఇంటి తిండి మీద బెంగ రాత్రి హాస్టల్ గదిలో తీర్చుకోవచ్చు.

ప్రయాణపు ఏర్పాట్ల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 2020లో ఆగిపోయిన నేరు విమానాలు 2025 అక్టోబరులో మళ్ళీ మొదలయ్యాయి. గూగుల్, వాట్సాప్ అక్కడ మామూలుగా పనిచేయవు. ఊళ్ళో చెల్లింపులు దాదాపు అన్నీ వీచాట్, అలీపే అనే ఫోన్ యాప్‌ల మీదనే నడుస్తాయి కనుక ఇంట్లో వాళ్ళతో మాట్లాడే మార్గాన్నీ, డబ్బు కట్టే మార్గాన్నీ బయలుదేరకముందే సిద్ధం చేసుకోవాలి. తిరుపతి దగ్గరి టీవీ ప్యానెళ్ళ కర్మాగారంలో పనిచేయడానికి ఎంపికై, శిక్షణ కోసం వూహాన్ వెళ్ళిన తెలుగు యువ ఇంజనీర్ల బృందం 2020 జనవరిలో ఆ నగరం మూతపడినప్పుడు చిక్కుకుపోయి, ప్రత్యేక విమానాల్లో తిరిగి వచ్చిన సంగతి తెలుగునాట చాలామందికి గుర్తుంది. అటువంటిది మళ్ళీ జరుగుతుందని కాదు, కానీ పాస్‌పోర్టు నకళ్ళు, బీజింగ్‌లోని భారత రాయబార కార్యాలయపు నంబరు, బృందంలో ఎవరు ఎవరిని కనిపెట్టుకుని ఉండాలన్న ఒప్పందం ముందే ఉండటం మంచిది. ఒంటరిగా షికారు వెళ్ళే ధైర్యం గొప్పదే, చెప్పి వెళ్ళడం అంతకన్నా గొప్పది.

రెండు దేశాల మధ్య ఉన్న చేదును దాచుకుని వెళ్ళనక్కర్లేదు. 1962 యుద్ధం పాత తరానిదైనా, 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో అసువులు బాసిన 20 మంది భారత సైనికుల్లో ఒకరైన కర్నల్ సంతోష్‌బాబు సూర్యాపేట వాసి; బెజవాడ నుంచి హైదరాబాద్ వెళ్ళే దారిలోనే ఉన్న ఆ ఊళ్ళో ఆయన విగ్రహం ఉంది. చైనా విద్యార్థి ఎవరైనా సరిహద్దు సంగతి ఎత్తితే నవ్వి తప్పించుకోవడం కంటే, సూర్యాపేట పేరు చెప్పి, ఆ మరణం తన ప్రాంతానికి ఏమిటో రెండు మాటల్లో వివరించి ఊరుకోవడం గౌరవప్రదం. వాదించి గెలవడానికి అది చోటు కాదు, పైగా ఎదుటి విద్యార్థి స్వేచ్ఛగా జవాబు చెప్పగల స్థితిలో ఉండకపోవచ్చు. అతన్ని ఇరుకున పెట్టే ప్రశ్నలు నలుగురి ముందు అడగకపోవడం కూడా అతిథి ధర్మమే. ఉయ్గుర్లు, తిబ్బతీయులు, తైవాన్ వంటి విషయాల్లో అభిప్రాయాలను నోట్‌బుక్కులో రాసుకోవచ్చు, సామాజిక మాధ్యమాల్లో మాత్రం తిరిగి వచ్చాకే రాయాలి.

అన్నిటికంటే ఎక్కువ సమయం కేటాయించవలసిన చోటు చెంగ్డూకు వాయవ్యాన ఉన్న దూజ్యాంగ్‌యెన్. యాత్రా సంస్థలవాళ్ళు దానికి పూట కంటే ఎక్కువ ఇవ్వరు, పాండాల పార్కుకు మాత్రం రోజంతా ఇస్తారు. వీలైతే దీన్ని తారుమారు చేయించాలి. క్రీ.పూ. 256 ప్రాంతంలో లీ బింగ్ అనే అధికారి మిన్ నది మీద నిర్మించిన నీటిపారుదల వ్యవస్థ ఇది. నదికి అడ్డంగా ఆనకట్ట కట్టకుండానే చెంగ్డూ మైదానానికి నీళ్ళు పారించడం దీని విశేషం. చేప మూతి ఆకారంలో నది మధ్య కట్టిన గట్టు ప్రవాహాన్ని రెండుగా చీలుస్తుంది. లోపలి పాయ లోతుగా, ఇరుకుగా ఉంటుంది, బయటి పాయ వెడల్పుగా, తక్కువ లోతుతో ఉంటుంది. కాబట్టి నీరు తక్కువున్న కాలంలో ఎక్కువ భాగం లోపలి పాయలోకి, అంటే పొలాలకు వెళుతుంది, వరద కాలంలో ఎక్కువ భాగం బయటి పాయలోకి మళ్ళిపోతుంది. లోపలి పాయకు వచ్చిన అదనపు నీటినీ, నది మలుపులో ఒరుసుకుంటూ వచ్చే ఇసుకా గులకరాళ్ళనూ బయటికి నెట్టేయడానికి ఒక తక్కువ ఎత్తు కట్ట, ఆ తర్వాత కొండను తొలిచి చేసిన ఇరుకు మూతి ఉన్నాయి. మందుగుండు లేని ఆ కాలంలో రాతిని మంటపెట్టి కాల్చి, నీళ్ళు పోసి పగలగొట్టారని చెబుతారు. 2000లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఎగువన ఇప్పుడు ఒక పెద్ద డ్యాము, బయటి పాయ మీద ఆధునిక గేట్లు కూడా ఉన్నాయి కనుక అంతా లీ బింగ్ మహిమే అని గైడు చెప్పే మాటను కొంత తగ్గించి వినాలి.

మన వైపు చరిత్ర దీనికి భిన్నమైనది. 1832–33 నాటి గుంటూరు కరువు తర్వాత చాలా ఏళ్ళు తర్జనభర్జన పడి, 1852లో మొదలుపెట్టి 1855కల్లా కెప్టెన్ చార్లెస్ ఓర్ పర్యవేక్షణలో బెజవాడ దగ్గర కృష్ణకు అడ్డంగా ఆనకట్ట కట్టారు. అది 1952లో దెబ్బతినగా, దాని స్థానంలో 1957కల్లా ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ఊరి నడుమ నుంచి పోయే ఏలూరు, బందరు, రైవస్ కాలువల గట్ల మీద ఆడుకుని పెరిగిన పిల్లకు, 2024 సెప్టెంబరులో బుడమేరు వాగుకు గండ్లు పడి సింగ్‌నగర్ ఇళ్ళలోకి నీళ్ళు వచ్చినప్పుడు మేడల మీద నిలబడిన జనాన్ని చూసిన పిల్లకు, దూజ్యాంగ్‌యెన్‌లో అడగవలసిన ప్రశ్నలు ఎవరూ నేర్పక్కర్లేదు. అయినా ఒకటి మాత్రం మరిచిపోకుండా అడిగి రావాలి. అక్కడ చలికాలంలో పాయను మూసి పూడిక తీసే పని శతాబ్దాలుగా క్రమం తప్పక సాగుతూ వచ్చింది. ఎంత లోతుకు తవ్వాలో గుర్తు తెలియడానికి నదీగర్భంలో ఇనుప కడ్డీలు పాతి, అవి కనిపించే దాకా తవ్వడం, పక్క కట్టను మాత్రం ఎత్తు పెంచకుండా ఉంచడం పాత నియమం, ఏప్రిల్ మొదట్లో నీళ్ళు వదిలే ఉత్సవంతో ఆ పని ముగిసేది. మన దగ్గర వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు తీసే పూడికా గుర్రపు డెక్కా చాలాచోట్ల గట్టు మీదే ఉండిపోయి, మొదటి వానకు మళ్ళీ కాలువలోకి జారుతాయి. అక్కడ తవ్వి తీసిన మట్టిని ఎక్కడ పోస్తారు, ఎవరు తీసుకెళతారు, ఆ ఖర్చు రైతు భరిస్తాడా ప్రభుత్వం భరిస్తుందా అన్నది నీటిపారుదల శాఖవాళ్ళ నోట విని, లెక్కలతో సహా రాసుకుని రావాలి.

ఆశీస్సులతో,
పెదనాన్న
బెజవాడ